నోటు చదివే కన్ను

రోజుకు పది గంటలు తెర చూసే ఉద్యోగంలో ఒక వస్తువును నిలకడగా చూసే ఓపిక అరిగిపోతుంది. హైదరాబాద్‌లో మైండ్‌స్పేస్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా ఇదే కనిపిస్తుంది. కన్ను ఒక బొమ్మ మీద పడీ పడకముందే వేలు దాన్ని పైకి తోసేస్తుంది. డ్యాష్‌బోర్డు, టికెట్, చాట్, మళ్లీ డ్యాష్‌బోర్డు. శుక్రవారం సాయంత్రానికి ఆ వారంలో ఏదైనా ఒకదాన్ని పూర్తిగా చూశామా అంటే జవాబు దొరకదు. ఇక్కడ చెప్పబోయేది ఆ ఓపికను తిరిగి తెచ్చుకునే ఒక దారి, పాత కరెన్సీ నోట్ల సేకరణ గురించి. దక్షిణ అమెరికా నోట్లతో మొదలుపెట్టి, నింపాదిగా మన హైదరాబాద్ నోటు దగ్గరకు రమ్మంటాను.

దక్షిణ అమెరికా ఎందుకు? మొదటి కారణం డబ్బు. 1980ల్లోనూ 1990ల మొదట్లోనూ ఆ ఖండంలో చాలా దేశాలను ద్రవ్యోల్బణం ఊపేసింది. బ్రెజిల్‌లో 1990 మార్చిలో ఒక్క నెలలోనే ధరలు 80 శాతానికి పైగా పెరిగాయి. ప్రభుత్వాలు నోట్లు అచ్చు వేయడం, రద్దు చేయడం, మళ్లీ కొత్త పేరుతో వేయడం ఆనవాయితీ అయిపోయింది. అలా పనికిరాకుండా పోయిన నోట్ల కట్టలు కొత్తవి కొత్తగానే మిగిలిపోయాయి. ఒక్క మడత కూడా పడని నోటును సేకరణదారులు యూఎన్‌సీ అంటారు. ఆ స్థితిలో ఉన్న బ్రెజిల్ నోటు ఇవాళ ఒక ప్లేటు బిర్యానీ కంటే తక్కువకు దొరుకుతుంది. ఈ విద్య నేర్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పాఠం లేదు. రెండో కారణం అందం. ఆ ఖండపు నోట్లను చాలాకాలం న్యూయార్క్‌లోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ, లండన్‌లోని థామస్ డి లా ర్యూ, వాటర్‌లో అండ్ సన్స్ లాంటి సంస్థలు అచ్చు వేశాయి. ఉక్కు పలక మీద ముఖాలు చెక్కే పనిలో ఆ రోజుల్లో వాళ్లను మించినవాళ్లు లేరు.

ముందుగా ఒక నోటును చేతిలోకి తీసుకుందాం. బ్రెజిల్‌లో 1978లో వచ్చిన వెయ్యి క్రుజేరోల నోటు. దాని మీద ఉన్నది రియో బ్రాంకో ప్రభువు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో విదేశాంగ మంత్రిగా ఉండి, పొరుగు దేశాలతో సరిహద్దు తగాదాలను యుద్ధం లేకుండా తేల్చిన దౌత్యవేత్త. నోటు మామూలుగానే కనిపిస్తుంది. తలకిందులు చేసి చూడండి, ఏమీ మారదు. పేకముక్కలో రాజు బొమ్మలాగా పైన ఒక తల, కింద తిరగేసిన అదే తల. కట్టలు లెక్కపెట్టే గుమాస్తా నోట్లను ఒకే వైపుకు సర్దుకోనక్కర్లేదు. దీని వెనక ఉన్నది అలోయీజియో మగల్యాయిస్ అనే రూపశిల్పి బుర్ర. రెసిఫే ఊరివాడు. అప్పటిదాకా ఎక్కువగా పరాయి దేశాల్లో తయారైన నోట్లు వాడిన బ్రెజిల్, 1970లో అతను గీసిన నోట్లను రియోలోని తన సొంత ముద్రణాలయంలో అచ్చు వేయించుకుంది. విదేశీ సంస్థల నోట్లలో ఉండే పూలతీగలు, గ్రీకు దేవతలు పోయి, ఒకదాని మీద ఒకటి జరిగిన గీతల అలలు వచ్చాయి. ఈ వెయ్యి నోటు జనానికి ఎంత దగ్గరైందంటే, వెయ్యి అనడానికి బదులు ‘బరావ్’, అంటే ప్రభువు, అనడం వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు ఫోన్ టార్చి వెలిగించి పక్క నుంచి, దాదాపు నోటుకు సమానంగా వెలుగు పడేలా పెట్టండి. ముఖం ఉన్నచోట సిరా గట్టులా లేచి కనిపిస్తుంది. పలక మీద చెక్కిన గాడిలో సిరా నింపి, కాగితాన్ని బలంగా అదిమితే ఆ సిరా పైకి అంటుకుని ఇలా ఉబ్బెత్తుగా నిలుస్తుంది. వేలి కొనతో మెల్లగా తడిమితే తెలుస్తుంది. మన నోట్ల మీద గాంధీ బొమ్మనూ ఇదే పద్ధతిలో వేస్తున్నారు. మీ జేబులో వంద నోటుంటే తీసి తడిమి చూడండి. నగల దుకాణం వాళ్లు వాడే పది రెట్ల లూప్ ఒకటి కొనుక్కుంటే ఇంకో లోకం తెరుచుకుంటుంది. చెంప మీద నీడ అనుకున్నది విడివిడి గీతలుగా విడిపోతుంది. ఒక్కో గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ చుక్కలుగా తెగిందో చూస్తూ పోతే గంట గడిచిపోతుంది. మనసు ఎక్కడికీ పోదు. ఇది నేను చాలామందికి చెప్పిన సాధన. టెస్టింగ్‌లో పనిచేసేవాళ్లు దీన్ని అందరికంటే త్వరగా పట్టుకుంటారు. రెండు తెరల మధ్య చిన్న తేడా పట్టే కన్ను వాళ్లకు ఉద్యోగమే ఇచ్చింది, దానికి ఇక్కడ తొందర లేని పని దొరుకుతుంది.

సాధన పద్ధతి ఒకటే. ఒక నోటుకు ఒక సాయంత్రం. ఆ సాయంత్రం ఇంకో నోటు చూడకూడదు. ఒక నోట్‌బుక్కులో చేత్తో రాయాలి. ముఖం ఎవరిది, ఆ మనిషి దేశానికి ఏం చేశాడు, అతన్నే ఎందుకు ఎంచుకున్నారు? వెనక వైపు ఏముంది, దానికీ ముందు బొమ్మకూ సంబంధమేమిటి? అడుగు అంచున సన్నటి అక్షరాల్లో అచ్చు వేసిన సంస్థ పేరుందా? ఎవరి సంతకాలున్నాయి? వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే కాగితంలో ఏం కనిపిస్తోంది? ఎప్పుడు రద్దయింది, ఎందుకు? మొదటిసారి అయిదు వాక్యాలు కూడా రావు. రాకపోయినా ఆ గంట నోటు ముందే కూర్చోండి. నోట్లు పోగేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు, చదివేవాళ్లు తక్కువ. మీరు రెండో రకం కావాలి.

చదవడం మొదలుపెడితే బ్రెజిల్ నోట్లలో అసలు కథ ముద్రల దగ్గర ఉందని తెలుస్తుంది. 1986లో వెయ్యి పాత క్రుజేరోలు ఒక క్రుజాడో అయ్యాయి. 1989లో వెయ్యి క్రుజాడోలు ఒక కొత్త క్రుజాడో అయ్యాయి. 1990లో విలువ మార్చకుండా మళ్లీ క్రుజేరో అన్నారు. 1993లో ఇంకో మూడు సున్నాలు కొట్టేసి క్రుజేరో రియాల్ అన్నారు. 1994లో 2,750 క్రుజేరో రియాళ్లకు ఒక రియాల్ చొప్పున మార్చాక గానీ ఆ పరుగు ఆగలేదు. 1994కు ముందు ప్రతిసారీ కొత్త నోట్లు అచ్చయ్యేదాకా పాతవాటి మీదే ముద్ర కొట్టి నడిపించారు. వాటిలో నాకు బాగా ఇష్టమైనది మషాదో జి అసిస్ నోటు. బ్రెజిల్ సాహిత్యంలో అందరికన్నా పైన నిలిచే నవలాకారుడు. 1839లో రియోలో పుట్టాడు. అతని తండ్రి వైపు తాతలు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు. కుర్రతనంలో అచ్చు కూర్పు పని చేశాడు. అలాంటి మనిషి ముఖం వెయ్యి క్రుజాడోల నోటు మీదికి ఎక్కింది. కొద్దికాలానికే ఆ నోటు మీద త్రికోణపు ముద్ర ఒకటి పడింది: ఒక కొత్త క్రుజాడో. నిన్నటి వెయ్యి ఇవాళ్టి ఒకటి.

ఆ త్రికోణాన్ని లూప్ కింద పెట్టి కాసేపు చూడమని ముఖ్యంగా మన ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకు చెబుతాను. ప్యాకేజీలో ఎన్ని లక్షలు, పక్క టీమ్‌లో వాడికి ఎన్ని, హైక్ ఎంత శాతం అన్న లెక్కలు మన నిద్ర తినేస్తున్నాయి. అంకె ఎంత పెద్దదైనా కరుగుతుంది: పెరూలో 1990, 91ల్లో యాభై లక్షల ఇంటీల నోటు నడిచింది. 1991లో పది లక్షల ఇంటీలు ఒక కొత్త సోల్ అయ్యాయి, అంటే ఆ నోటు విలువ అయిదు సోళ్లు. బొలీవియాలో 1987లో పది లక్షల పెసోలు ఒక బొలీవియానో అయ్యాయి. ఈక్వడార్ 2000లో తన సుక్రేనే వదిలేసి, డాలరుకు 25,000 చొప్పున కట్టి అమెరికా డాలరులోకి మారిపోయింది. వెనిజులా 2008, 2018, 2021ల్లో మూడుసార్లు కలిపి పద్నాలుగు సున్నాలు కొట్టేసింది. ఇవన్నీ జీతం తీసుకుని పిల్లల ఫీజులు కట్టిన మనుషుల జీవితాలు. అంకె వేరు, దానితో కొనగలిగే బియ్యం వేరు అని ఆర్థికశాస్త్రం పుస్తకంలో చదివితే తలకెక్కుతుంది. ముద్ర పడిన నోటును చేత్తో పట్టుకుంటే ఒంటికెక్కుతుంది. దాని తర్వాత ఆఫర్ లెటర్ చదివే తీరు మారుతుంది. అద్దె, ఇంటి ఈఎంఐ, కూరగాయల ధర పక్కన పెట్టుకుని చదవడం అలవాటవుతుంది.

దక్షిణ అమెరికా మనకు అంత దూరం కూడా కాదు. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కేంద్రం తెరిచింది. సావో పౌలో గడియారం మన కంటే ఎనిమిదిన్నర గంటలు వెనక నడుస్తుందని రాత్రి కాల్స్ చేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కాల్స్‌లో అటువైపు యాభై ఏళ్లు దగ్గరపడినవాళ్లెవరైనా ఉంటే, పని ముగిశాక మషాదో నోటు కెమెరాకు చూపించి అడగండి. జీతం చేతికి రాగానే అమ్మానాన్నలు సూపర్‌మార్కెట్‌కు ఎందుకు పరుగెత్తేవారో చెబుతారు. స్టేటస్ రిపోర్టులతో ఏళ్ల తరబడి రాని చనువు ఆ ఒక్క మాటతో వస్తుంది.

ఒక మాట చెప్పాలి. ఏదో ఒక ఇరుకైన దారి ఎంచుకోకపోతే ఈ అభిరుచి కూడా చివరికి ఇంకో స్క్రోలింగ్ అయిపోతుంది. దేశానికొకటి చొప్పున కొనుక్కుంటూ పోవద్దు. నేను సూచించేది కవులు, రచయితల నోట్లు. బ్రెజిల్ నుంచి మషాదో, డ్రుమోండ్ జి ఆంద్రాజి, సెసీలియా మెయిరెలెస్. చిలీ అయిదు వేల పెసోల మీద గాబ్రియేలా మిస్త్రాల్, 1945లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న ఆమె. కొలంబియా 2016లో తెచ్చిన యాభై వేల పెసోల మీద గార్సియా మార్కెజ్. వీళ్లలో సెసీలియా మనకు చుట్టం లాంటిది. ఆమె 1953లో భారతదేశం వచ్చింది, ఢిల్లీ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇక్కడ చూసినవాటి మీద ఒక కవితా సంపుటే వెలువరించింది. ఆమె ముఖం 1989 నాటి వంద కొత్త క్రుజాడోల నోటు మీద ఉంది. మరుసటేడు దాని మీదా ముద్ర పడింది.

ఇక మన ఇంటి నోటు. వాటర్‌లో అండ్ సన్స్ అని పైన ఒక పేరు చెప్పాను. దక్షిణ అమెరికాలో కొన్ని దేశాలకు నోట్లు వేసిన ఆ లండన్ సంస్థే నిజాం ప్రభుత్వానికీ వేసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండికి కరువొచ్చింది. వెండి రూపాయలు కొట్టడం కష్టమై, 1918లో హైదరాబాద్ రాజ్యం పేపర్ కరెన్సీ చట్టం తెచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదీ అదే. రూపాయి నుంచి వెయ్యి దాకా నోట్లు వచ్చాయి. ఉర్దూ ప్రధానంగా ఉన్నా, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లోనూ విలువ రాసేవారు. జనం ఈ రాజ్యపు రూపాయిని హాలీ సిక్కా అన్నారు, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అన్నారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు మారకం. ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ‘హాలీ’ అన్న మాట ఒక్కసారి వాళ్ల చెవిన వేసి చూడండి. సంతలో వడ్లు ఎంతకమ్మారో, పన్ను ఎందులో కట్టారో వాళ్ల నోటే వినవచ్చు. ఆ ధనం భారత రూపాయిలో కలిసిపోతూ వచ్చి, చివరికి 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది.

ఈ నోట్ల మీద చదవాల్సింది సంతకాలు. మొదటి రోజుల్లో ఆర్థిక వ్యవహారాలు చూసిన అక్బర్ హైదరీ, హైదర్ నవాజ్ జంగ్ అన్న బిరుదుతో కనిపిస్తాడు. తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు. 1940ల నోట్ల మీద గులాం మహమ్మద్ సంతకం దొరుకుతుంది. ఆయన దేశ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇంకో సంతకం జాహిద్ హుస్సేన్‌ది, పాకిస్తాన్ కేంద్ర బ్యాంకుకు మొదటి గవర్నర్. ఒకే డిజైన్, ఒకే రంగు, కింద మూల సంతకం మారితే చరిత్ర మారుతుంది. తేడా పట్టే కన్ను ఎందుకు పెంచుకోవాలో ఈ నోట్ల దగ్గర తెలుస్తుంది.

అసలు సంతకమే లేని హైదరాబాద్ నోట్లు కూడా ఉన్నాయి. 1922 మే 20న ఈజిప్ట్ అనే ఓడ లండన్ నుంచి బొంబాయికి వస్తూ, ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో దట్టమైన పొగమంచులో సెయిన్ అనే ఓడ ఢీకొని మునిగిపోయింది. ప్రయాణికులూ సిబ్బందీ ఎందరో చనిపోయారు. ఓడలో టన్నులకొద్దీ బంగారం, వెండితోపాటు వాటర్‌లో సంస్థ నుంచి నిజాం ఖజానాకు వస్తున్న నోట్లూ ఉన్నాయి. దాదాపు పదేళ్లు అవి సముద్రం అడుగున ఉన్నాయి. ఇటలీకి చెందిన ఒక సంస్థ ఆర్తీల్యో అనే నౌకతో వెతికి, 1932లో బంగారం పైకి తీయడం మొదలుపెట్టింది. దాంతోపాటు అయిదు, పది రూపాయల నోట్లూ బయటికొచ్చాయి. హైదరాబాద్ చేరలేదు కాబట్టి వాటి మీద సంతకం పడలేదు. ఈజిప్ట్ ఓడ నుంచి తీసినవని వెనక ముద్ర కొట్టి జ్ఞాపకాలుగా అమ్మారు. ఉప్పునీటి మరకలతో ఉన్న ఆ నోట్లు ఇప్పటికీ వేలాల్లో కనిపిస్తుంటాయి. వాటి ధర మన మొదటి ఏడాది బడ్జెట్‌కు అందదు, అందాలని తొందరపడొద్దు కూడా.

చూడటానికి డబ్బు అక్కర్లేదు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం నడక దూరం. నాణేలకు దేశంలో పేరున్న సేకరణ అది. అక్కడికి దగ్గరలోనే సైఫాబాద్ టంకశాల ఉంది. 1903 నుంచి నాణేలు కొట్టిన చోటు. 1997లో పని చర్లపల్లికి మారింది, 2022లో సైఫాబాద్‌లోని ఈ పాత టంకశాలలో మ్యూజియం తెరిచారు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పుస్తకాల మధ్య నోట్ల ఆల్బములూ పరిచి ఉంటాయి. అక్కడ కొనడం కంటే నోరు మూసుకుని వినడం మేలు. పాత సేకరణదారులు బేరమాడుతూ మాట్లాడుకునే మాటల్లో ‘పిన్ హోల్’, ‘ట్రిమ్ చేశారు’, ‘ప్రెస్ చేశారు’ అన్నవి చెవిన పడతాయి. కట్టలకు పిన్ను కొట్టే అలవాటు మన దేశంలో చాలాకాలం ఉండేది, ఆ చిల్లు విలువ తగ్గిస్తుంది. అంచులు కత్తిరించినా, ఇస్త్రీ చేసినా ఇంకా తగ్గుతుంది. తీరిక లేదనేవాళ్లకు డాక్టర్ డి. రాజారెడ్డిని గుర్తుచేస్తాను. మెదడు శస్త్రచికిత్సలు చేసిన మనిషి. ఆ పనిలో ఉంటూనే ప్రాచీన నాణేల మీద పండితులు మెచ్చే పుస్తకాలు రాశారు.

జాగ్రత్తలు కొన్ని. లామినేషన్ చేయించారో, ఆ నోటు పోయినట్టే. మామూలు పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగురు విడుస్తాయి, మైలార్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లే వాడండి. వానాకాలం బీరువాలో సిలికా జెల్ పొట్లం వేయండి. 786 నంబరు నోటుకు లక్షలిస్తామనే ప్రకటనలను నమ్మకండి. నంబర్ల మోజు నాకు నచ్చదు. నోటులో చదవడానికి ఇంత ఉండగా నంబరు దగ్గర ఆగిపోవడం అన్యాయం. పాత నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని డబ్బు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఫీజు ముందు కట్టమన్న ఫోన్ వస్తే పెట్టేయండి. 2016లో రద్దయిన 500, 1000 నోట్లు పది కంటే ఎక్కువ దగ్గర ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం, అధ్యయనానికైతే ఇరవై అయిదు దాకా వెసులుబాటు. వందేళ్లు దాటిన పురావస్తువులను విదేశాలకు పంపడం 1972 చట్టం కిందికి వస్తుంది. అమెరికాలో ఉన్న తమ్ముడికి నిజాం కాలపు నోటు కానుకగా పంపే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఖర్చు సంగతి ఇంట్లో దాచొద్దు. నెలకు ఇంత అని భార్యతోనో భర్తతోనో కూర్చుని ఒక అంకె అనుకోండి. ఏ నోటు ఎక్కడ, ఎంతకు కొన్నారో, నోట్ల క్యాటలాగ్‌లో దాని వరస సంఖ్య (పిక్ నంబరు) ఎంతో ఒక షీట్‌లో రాసి, ఆ షీట్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మన తర్వాత ఆల్బం తెరిచేవాళ్లకు అది లేకపోతే ఇవన్నీ రంగు కాగితాలే.

ఈ నెల జీతం పడ్డాక మూడే మూడు కొనండి. రియో బ్రాంకో వెయ్యి క్రుజేరోలు, త్రికోణపు ముద్ర ఉన్న మషాదో, సెసీలియా మెయిరెలెస్. మూడు నెలలకు అవి చాలు. ఆ తర్వాత హాలీ సిక్కా రూపాయి నోటు ఒకటి వెతకండి. తెలిసిన డీలర్ దగ్గర, చేత్తో పట్టుకుని చూశాకే తీసుకోండి. చిరుగులున్నా ఫరవాలేదు, తెలుగు అక్షరాలు చెదరకుండా ఉంటే చాలు.